అననీయ నోట మొదటి మాట

వేదిక మీది పెద్దలకు, పాస్టరుగారికి, సహోదరీ సహోదరులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

నాకిచ్చిన అంశం "దేవుని పిలుపు, కృప". మోషే, యిర్మీయా, పౌలు, ఈ ముగ్గురి గురించి వరసగా చెబుదామని రాసుకొచ్చాను. ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేనాటికి మోషేకి 80 ఏళ్ళు. యిర్మీయా ఏమో నేను బాలుణ్ణి అన్నాడు. దేవుడు ఇద్దరి వయసూ చూడలేదు. ఇవి మీకు తెలిసినవే, అందుకని నేరుగా పౌలు దగ్గరికి వెళ్తాను. ఆయన సాక్ష్యాన్ని మనం ఎప్పుడూ సగంలోనే ఆపేస్తాం.

దమస్కు పట్టణం దారిలో వెలుగు, నేలమీద పడటం, పేరు పెట్టి పిలిచిన యేసు స్వరం. అక్కడ ఆమెన్ అనేస్తాం. తర్వాత ఏమైంది? మూడు రోజులు చూపు లేదు, అన్నం లేదు, నీళ్ళు లేవు. ఆయన ప్రార్థన చేసుకుంటూ ఉన్నాడు. దమస్కులో ఉన్న అననీయ అనే శిష్యుణ్ణి ప్రభువు ఆయన దగ్గరికి వెళ్ళమంటే అననీయ భయపడ్డాడు. ఆ భయంలో తప్పేముంది? విశ్వాసుల్ని బంధించడానికి ప్రధానయాజకుల దగ్గర అధికారం పుచ్చుకుని వచ్చిన మనిషి కదా! అయినా వెళ్ళాడు, చేతులుంచాడు. నోరు తెరిచి అన్న మొదటి మాట ఏమిటో గుర్తుందా? "సౌలా, సహోదరుడా." పౌలుకే సౌలు అని ఇంకో పేరు. క్షమాపణ అడిగించుకోలేదు. కొన్నాళ్ళు చూద్దాం అనలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. రాసుకొచ్చిన దాంట్లో ఇది లేదు.

చాలా ఏళ్ళ క్రితం, జైలు నుంచి విడుదలైన ఒకాయన మా ఆరాధనకు వచ్చాడు. లోపలే బైబిలు చదివి మారుమనస్సు పొందానన్నాడు. చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆ బెంచీలో ఇంకెవరూ కూర్చోలేదు. ఆ రోజుల్లో కానుకల సంచి పట్టేది నేనే. ఆయన చేతిలో మడిచిన నోటు ఉంది, చెయ్యి చాపాడు కూడా. నేను చూశాను. చూసి కూడా ఆ బెంచీ వదిలేసి వెనక్కి తిరిగాను. అమ్మా, అయ్యా, ఆ చెయ్యి నాకిప్పటికీ కనబడుతుంది. నాలుగో ఆదివారం తర్వాత ఆయన రాలేదు. బుద్ధి తెచ్చుకుని వెతికాను, దొరకలేదు. దేవుడు పిలిచిన మనిషిని నేను వెనక్కి పంపాను. ఈ మాట మైకులో చెప్పడం నాకిదే మొదటిసారి.

మారినట్టు కనిపిస్తేనే నమ్ముతాం అంటారు కొందరు. కృప పనిచేయడానికి ఎన్నాళ్ళు పడుతుందో మనమా గడువు పెట్టేది? "అమేజింగ్ గ్రేస్" పాట రాసిన జాన్ న్యూటన్ 1748లో సముద్రం మీద తుపానులో దేవునికి మొరపెట్టాడు. ఆ తర్వాత కూడా బానిసల్ని మోసే ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు! 1754లో ఓడలు వదిలాడు, 1764లో పాదిరి అయ్యాడు. ఆ వ్యాపారం ఎంత ఘోరమో 1788లో పుస్తకం రాసి చెప్పాడు. తుపాను నుంచి లెక్కపెట్టండి, 40 ఏళ్ళు. అన్నేళ్ళూ దేవుడు ఆయన్ని వదల్లేదు. మనం నాలుగు ఆదివారాలు ఓపిక పట్టలేకపోయాం.

పౌలుకూ ఇదే ఎదురైంది. యెరూషలేము వెళ్తే శిష్యులు నమ్మక భయపడ్డారు. బర్నబా అనే విశ్వాసి మాత్రం ఆయన్ని దగ్గరకు తీసుకుని అపొస్తలుల దగ్గరికి వెంటబెట్టుకెళ్ళాడు. "నేనేమైయున్నానో అది దేవుని కృపవలననే అయియున్నాను" అని తర్వాత ఆయన రాశాడు. ఆ కృప అననీయ చేతుల్లోంచి, బర్నబా తోడులోంచి కూడా ఆయన్ని తాకింది కదా! సంఘం అంటేనే పిలవబడినవాళ్ళు. ఇక్కడ అర్హత చూపించి లోపలికొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. నేనైతే ఎత్తలేను.

టైమైపోయిందని చీటీ ఇచ్చారు. తర్వాత కానుకల పాట ఉంది. సంచి పట్టే తమ్ముళ్ళూ, మీకొక్క మాట. చివరి బెంచీ దాకా వెళ్ళండి. అక్కడ ఎవరైనా ఒక్కరే కూర్చుని ఉంటే, సంచి పక్కన పెట్టి ముందు వందనాలు చెప్పండి.