వేట లైసెన్స్ డబ్బు ఎక్కడికి పోతుంది?

(తెర మీద: టెక్సస్ మ్యాప్, పక్కనే లైసెన్స్ కాగితం)

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో వేటకి వెళ్ళాలంటే లైసెన్స్ తీసుకోవాలి. అక్కడే ఉండేవాళ్ళకి 25 డాలర్లు, పక్క రాష్ట్రం నుంచి వచ్చేవాళ్ళకి 315. మన దేశంలో 1972 చట్టంతో వేట దాదాపుగా ఆగిపోయింది కాబట్టి, "జంతువుల్ని చంపడానికి కట్టే డబ్బుతో జంతువుల్ని కాపాడతారు" అంటే మనకి మింగుడుపడదు. అందుకే ఆ డబ్బు వెంటే వెళ్ళి చూద్దాం.

మామూలుగా ప్రభుత్వానికి కట్టింది ఖజానాలో కలిసిపోతుంది. తర్వాత రోడ్డుకి పోయిందో, జీతాలకి పోయిందో మనకి తెలియదు. లైసెన్స్ డబ్బు అలా కలవదు. దానికి టెక్సస్‌లో విడిగా ఖాతా ఉంది. అడవుల్లో గస్తీ తిరిగే గేమ్ వార్డెన్లకీ, జింకల్నీ బాతుల్నీ లెక్కపెట్టే శాస్త్రవేత్తలకీ, జబ్బుల పరీక్షలకీ అక్కణ్ణుంచే ఖర్చు పెడతారు.

(తెర మీద: పాత నలుపు తెలుపు ఫొటోలు)

ఇది ఊరికే రాలేదు. 19వ శతాబ్దంలో మాంసం కోసం, ఈకల కోసం అడ్డూ అదుపూ లేకుండా వేటాడారు. ఒకప్పుడు గుంపులు గుంపులుగా ఆకాశాన్ని కప్పేసిన ప్యాసెంజర్ పావురాల్లో ఆఖరిది 1914లో సిన్సినాటి జూలో చనిపోయింది. చాలా రాష్ట్రాల్లో జింకలూ, టర్కీ కోళ్ళూ కనబడకుండా పోయాయి. రాష్ట్రాలు లైసెన్సులు పెట్టాయి గానీ, వచ్చిన డబ్బుని శాసనసభలు వేరే పనులకి లాగేసుకునేవి.

1937 సెప్టెంబర్ 2న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన కేంద్ర చట్టం దానికి తాళం వేసింది. సెనేటర్ పిట్‌మన్, ప్రతినిధి రాబర్ట్‌సన్ పేర్లతో దాన్ని పిలుస్తారు. తుపాకులూ తూటాల మీద అప్పటికే ఉన్న పన్నుని వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకి మళ్ళించారు. ఇప్పుడు రైఫిళ్ళు, తూటాల మీద అది 11 శాతం, పిస్తోళ్ళ మీద 10. తయారీదారు దగ్గరే వసూలు చేస్తారు.

అసలు తెలివంతా షరతులో ఉంది. లైసెన్స్ డబ్బుని వన్యప్రాణుల శాఖకి తప్ప ఇంకెక్కడా వాడబోమని రాష్ట్రం చట్టం చేసుకోవాలి. మాట తప్పితే కేంద్రం నుంచి వచ్చేది ఆగిపోతుంది. ఎన్నికల ముందు ఖజానా ఖాళీ అయినా సరే, ఆ డబ్బు మీద చెయ్యి వెయ్యడానికి ఏ గవర్నరైనా వెనకాడాల్సిందే. నాకు ఈ చట్టంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

(తెర మీద: 25 + 75 = 100)

లెక్క చూడండి. ఒక పనికి రాష్ట్రం 25 డాలర్లు పెడితే, తనకొచ్చే వాటా మేరకు కేంద్రం 75 ఇస్తుంది. ఆ వాటాలో ప్రధాన భాగాన్ని సగం రాష్ట్ర విస్తీర్ణాన్ని బట్టి, సగం లైసెన్స్ ఉన్నవాళ్ళ సంఖ్యని బట్టి పంచుతారు. అంటే ఒక్క లైసెన్స్ తగ్గితే రాష్ట్రానికి రెండు వైపులా నష్టమే.

ఆ తగ్గడం మొదలై చాలాకాలమైంది. 1982లో లైసెన్సులున్న వేటగాళ్ళు దాదాపు 1.7 కోట్ల మంది. దేశ జనాభా అప్పటికంటే పది కోట్లకి పైగా పెరిగినా, వాళ్ళ సంఖ్య మాత్రం పెరగలేదు, ఇంకా తగ్గింది. పెద్దతరం వయసు మీరి అడవికి వెళ్ళడం మానేస్తోంది. ఇంకో లోటూ ఉంది: డబ్బు వేటగాళ్ళది కాబట్టి జింకకీ బాతుకీ దొరికినంత శ్రద్ధ కప్పకీ సీతాకోకచిలుకకీ దొరకదు. అడవిలో నడిచే మనం, పక్షుల ఫొటోలు తీసుకునే మనం, ఈ ఖాతాలో పెద్దగా ఏమీ వెయ్యడం లేదు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం.

మిస్సౌరీ ప్రజలు 1976లోనే ఓటేసి దీనికి దారి చూపించారు: అక్కడ వస్తువుల అమ్మకాల మీద ప్రతి డాలర్‌కీ సెంటులో ఎనిమిదో వంతు వన్యప్రాణులకీ, అడవులకీ వెళ్తుంది. వేటగాడైనా కాకపోయినా, కిరాణా కొన్నా టీవీ కొన్నా అందరూ కడతారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇంకో దారి: డక్ స్టాంప్, అంటే బాతుల వేటకి వెళ్ళేవాళ్ళు కొనే కేంద్ర ప్రభుత్వ స్టాంపు. 25 డాలర్లు. కొనడానికి వేటగాళ్ళే అవ్వక్కర్లేదు. ఇది రాష్ట్రాలకి కాదు, కేంద్ర అభయారణ్యాల కోసం చిత్తడి నేలలు కొనడానికి వెళ్తుంది. ప్రవేశ రుసుము ఉన్న అభయారణ్యాల్లోకి దానితోనే వెళ్ళొచ్చు. పోస్టాఫీసుల్లో అడగండి.