ఊరి పేరు చాలు గుర్తుపట్టడానికి

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట దవాఖానలో సెల్‌ఫోన్ గురించి, ముఖ్యంగా నర్సమ్మల చేతిలో ఉండే ఫోన్ గురించి, దాంతో రోగుల ఫొటోలు తీసి గ్రూపుల్లో, స్టేటస్‌లో పెట్టడం గురించి నాలుగు మాటలు మాట్లాడుకుందాం. మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ పిల్లలకు చాలా ఏండ్లు పాఠాలు చెప్పినదాన్ని. కాబట్టి నా మొగ్గు కొంచెం వాళ్ల వైపే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

డాక్టరు రౌండ్సుకు వచ్చి చూసి పోతాడు. రాత్రీ పగలూ మంచం పక్కన తిరిగేది సిస్టరే. అందుకే తల్లికి, మొగునికి చెప్పని సంగతులు కూడా ఆమెకు చెప్తారు. బొంబాయి పనికి పోయొచ్చిన పెనిమిటికి ఏం జబ్బుందో, అంతకుముందు కడుపు ఎందుకు తీయించుకోవాల్సి వచ్చిందో చెప్పి, "మా అత్తకు చెప్పకు సిస్టరమ్మా" అని చెయ్యి పట్టుకుంటారు. నర్సింగ్ కోర్సులో చేరిన పిల్లలు దీపం పట్టుకుని చేసే ప్రమాణంలో ఈ మాట ఉంది. అది 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో రాసిన ప్రమాణం. నైటింగేల్ పేరు పెట్టారు గానీ ఆమె రాసింది కాదు. రోగి సొంత విషయాలే కాదు, పనిలో చెవిన పడ్డ ఇంటి సంగతులు కూడా గుట్టుగా ఉంచుతానని అందులో చెప్తారు.

అయితే రోగి ఫొటో పెట్టొద్దంటే మా పిల్లలు ఒక మాట అంటుంటారు. "పేరు పెట్టలేదు మేడమ్, మొహానికి స్టిక్కర్ కూడా వేసినం. ఇంకేమైతది?"

హైదరాబాదులో ఏమీ కాకపోవచ్చు. మన నల్లగొండ దగ్గర అట్లా కుదరదు. "మర్రిగూడ మండలం కేసు, ముగ్గురు ఆడపిల్లల మీద బాబు పుట్టిండు" అని స్టేటస్ పెడితే చాలు, ఆ ఇల్లు ఏదో మండలంలో సగం మంది చెప్పేస్తారు. రాత్రి 108 ఎవరి వాకిట్లో ఆగిందో తెల్లారేసరికి పాలకేంద్రం దగ్గర తెలిసిపోతుంది. చేతికున్న పచ్చబొట్టు, కాలి కడియం, పక్కన నిలబడ్డ ముసలమ్మ చీర, వీటిలో ఏ ఒక్కటి కనబడినా పోల్చుకుంటారు. ఇక డ్యూటీ అయిపోయాక సిస్టర్లు వార్డులో తీసుకునే సెల్ఫీ ఉంది చూశారూ, అందులో వాళ్ల వెనుక గోడకు బోర్డు ఉంటుంది. బెడ్డు నంబరు, పేరు, ఎన్నో కాన్పు, అన్నీ దాని మీదే. సెల్ఫీ తీసుకోవద్దని నేననను. తెల్ల బట్టలు వేసుకున్న రోజు ఆ పిల్లకు కూడా సంబురమే. వెనుక ఏముందో చూసుకొమ్మంటాను, అంతే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది పురుగుల మందు తాగిన కేసు. పత్తి చేలున్న మన జిల్లాల్లో క్యాజువాలిటీకి ఇవి కొత్తేం కాదు. గొట్టం వేసి కడుపు కడుగుతుంటే ఎవరో ఒకరు వీడియో తీస్తారు. సిస్టరే తీయాలని లేదు, చాలాసార్లు తీసేది తలుపు దగ్గర నిలబడ్డ బంధువే. ఆ మనిషి బతికాడనుకోండి. వారానికి ఇంటికి పోతాడు. అదే ఊళ్లో అప్పు తీర్చాలి, బిడ్డ పెండ్లి చేయాలి. ఆ వీడియో మాత్రం ప్రతి జేబులో ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం అట్లాంటి మనిషిని నేరస్తుడిగా కాదు, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంటుంది. చట్టం ఆ మాటంటుంటే మనం ఫోన్లో పెట్టి బజారుకు ఈడుస్తున్నాం. ఇది వింటున్నవాళ్లలో ఎవరికైనా మనసు అట్లా కుంగి ఉంటే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రయినా పగలయినా ఎత్తుతారు, పైసా ఖర్చు లేదు.

చట్టాల మాట వచ్చింది కాబట్టి ఇంకొన్ని చెప్పి ముందుకు పోతాను. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. హెచ్ఐవి ఉన్నవాళ్ల సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టొద్దని అదే ఏడాది చట్టం వచ్చింది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు డాక్టరు వెల్లడిస్తే ఏడాది దాకా జైలు పడేట్టు 2021లో సవరణ చేశారు. ఇక లైంగిక నేరాలకు బలైన పిల్లల విషయంలో పోక్సో చట్టం చూడండి. పేరు, ఫొటో మాత్రమే కాదు, బడి పేరు, ఉండే చోటు, గుర్తు దొరికే ఏ వివరమూ మీడియాలో రాకూడదంటుంది. నేను చెప్పే పచ్చబొట్టు, కడియం సంగతి ఆ చట్టం రాసినవాళ్లకు బాగా తెలుసన్నమాట.

మరి ఫొటో అంటేనే తప్పా? నల్లగొండలో నిలబడి ఆ మాట ఎవరూ అనలేరు. మునుగోడు, మర్రిగూడ వైపు వంగిన కాళ్లు, బిగుసుకున్న వెన్నులు ఫొటోల్లో చూశాకే కదా ఫ్లోరైడ్ నీళ్ల గోస లోకానికి తెలిసింది. ఆ మనుషుల్లో చాలామంది, మా నీళ్లు చూడండి అని కెమెరా ముందుకు వాళ్లే వచ్చారు. అందరూ ఇష్టంగానే వచ్చారని చెప్పలేను, పసిపిల్లలూ ఉన్నారు. కానీ ఎందుకు తీస్తున్నారో తెలిసి నిలబడటం వేరు, సెలైన్ ఎక్కుతుంటే తెలియకుండా తీయడం వేరు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని "ఫొటో తీసుకుంటానమ్మా" అని అడిగితే "తీస్కో బిడ్డా" అంటుంది. ఆ సమయంలో తెల్లబట్టల మనిషి ఏమడిగినా సరే అంటుంది. దాన్ని ఒప్పుకోవడం అనను.

తప్పంతా నర్సుల మీద వేయడం కూడా నాకు నచ్చదు. క్యాంపు పెట్టామని రుజువుకు ఫొటో పంపండి, గ్రూపులో పెట్టండి అని పైనుంచే అడుగుతారు. కంటి ఆపరేషన్ అయినవాళ్లను కట్లతో వరుసగా కూర్చోబెట్టి తీసిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. రిజిస్టరులో సంతకం ఉండగా ముసలివాళ్ల మొహాలు ఎందుకు? ఈ ప్రశ్న పెద్దసార్లు వేసుకోవాలి.

అవసరమైన ఫొటోలూ ఉంటాయి. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దగ్గరో చిట్యాల దగ్గరో యాక్సిడెంటై, స్పృహ లేని మనిషి వచ్చాడు, ఎవరో తెలియదు. అప్పుడు ఫొటో కావాలి. కానీ అది దవాఖానలో ఉండే అవుట్‌పోస్టు పోలీసు ద్వారా పోవాలి, గాయం కనబడకుండా మొహం వరకే. అట్లాగే ఈసీజీ తీసి పెద్ద డాక్టరుకు పంపాల్సి వస్తుంది. అది ఆయన ఒక్కరికే పంపండి, పేరు మీద వేలు అడ్డం పెట్టి తీయండి. సలహా వచ్చాక తీసేయండి. గ్యాలరీలోనూ తీసేయండి, ఆటోమేటిక్‌గా బ్యాకప్ అయ్యేచోట కూడా చూసి తీసేయండి. మీ ఫోన్ రేపు రిపేరు షాపుకు పోతుంది, ఎల్లుండి మీ పిల్లల చేతికి పోతుంది.

ఇప్పటికే ఏదన్నా గ్రూపులో పెట్టి ఉంటే, వాట్సాప్‌లో అందరికీ కనబడకుండా తొలగించడానికి రెండు రోజుల పైన కొద్ది గంటల సమయం ఉంటుంది. గ్రూప్ అడ్మిన్ కూడా తీసేయగలడు, ఆలస్యం చేయకుండా ఆయనకు ఫోన్ చేయండి. స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో పోతుందిలే అని ఊరుకోవద్దు, స్క్రీన్‌షాట్ తీయడానికి అర నిమిషం చాలు. మీ ఇంటివాళ్ల ఫొటో ఎవరైనా అట్లా పెట్టారని తెలిస్తే ముందు స్క్రీన్‌షాట్ దాచి, సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా చెప్తే ఫైలులో ఏమీ ఉండదు.