కపోటీతో పోల్చమన్నారు

సభకు నమస్కారం. నా ముందు మాట్లాడినవాళ్లు అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పేశారు, ఆ పని నాకు తప్పింది.

నాకిచ్చిన అంశం సాహిత్య పాత్రికేయం, అంటే నిజంగా జరిగినదాన్ని కథలా చెప్పే పాత్రికేయం మీద ప్రపంచంలో జరుగుతున్న పరిశోధన, ప్రచురణ. ముందు అప్పజెప్పాల్సిన లెక్క అప్పజెప్పేస్తాను. 2006లో ఫ్రాన్స్‌లోని నాన్సీలో తొలి సమావేశంతో ఈ రంగానికి ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. 2009లో వాళ్ల పత్రిక ‘లిటరరీ జర్నలిజం స్టడీస్’ మొదలైంది. తొలి సంపాదకుడు జాన్ హార్ట్‌సాక్. 2011లో జాన్ బాక్, బిల్ రేనాల్డ్స్ కలిసి పలు దేశాల మీద వ్యాస సంపుటం తెచ్చారు. సాహిత్య శాఖ ‘ఇది వార్త’ అని, జర్నలిజం శాఖ ‘ఇది కథ’ అని చెరో వైపు నెట్టేసే విషయానికి ఒక చిరునామా దొరికింది. చిన్న మేలు కాదది.

ఇక నా గోడు వినండి. కొన్నాళ్ల కిందట రొడాల్ఫో వాల్ష్ మీద వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. ఏ పత్రికో అడక్కండి.

వాల్ష్ ఎవరని అనుమానమా? అర్జెంటీనాలో డిటెక్టివ్ కథలు రాసుకుంటూ, చదరంగం ఆడుకుంటూ ఉన్న మనిషి. 1956 జూన్‌లో అక్కడ ప్రభుత్వం మీద తిరుగుబాటు లేచి విఫలమైంది. ఆ రాత్రి పోలీసులు కొందరు పౌరులను పట్టుకెళ్లి, బ్యూనస్ ఐరీస్ శివారులో చెత్త పోసే చోట కాల్చారు. ఆరు నెలల తర్వాత లా ప్లాటాలో ఒక కెఫేలో ఎవరో వాల్ష్‌తో అన్నారు: కాల్చేసినవాళ్లలో ఒకడు బతికే ఉన్నాడట. వెళ్లి వెతికాడు. ఒకడు కాదు, ఏడుగురు బతికారని తేలింది. దాని మీదే ‘ఆపరేసియోన్ మసాక్రె’ అనే పుస్తకం రాశాడు.

నాకు ఇష్టమైన ఘట్టం ఇక్కడుంది, కాస్త ఆగనివ్వండి. సైనిక చట్టం ప్రకారమే కాల్చామంది ప్రభుత్వం. వాల్ష్ ప్రభుత్వ రేడియో అనౌన్సర్ల రిజిస్టరు తీయించి చూశాడు. ఆ చట్టం ప్రకటించింది జూన్ 10న, అర్ధరాత్రి దాటాక 12 గంటల 32 నిమిషాలకు. వీళ్లను పట్టుకున్నది 9వ తేదీ రాత్రే! నవలలా నడిచే పుస్తకం మొత్తం ఆ రిజిస్టరులోని ఒక్క గీత మీద నిలబడింది. శైలి, శైలి అని మనం రాసే వ్యాసాల్లో ఆ రిజిస్టరు ఎక్కడుంటోంది?

పుస్తకం 1957లో వచ్చింది. నా వ్యాసం చదివిన సమీక్షకులు ఏమన్నారో తెలుసా? అమెరికన్ రచయిత ట్రూమన్ కపోటీ ఒక హత్యల కేసు మీద 1966లో తెచ్చిన పుస్తకం ‘ఇన్ కోల్డ్ బ్లడ్’తో పోల్చండి, ఈ ప్రక్రియకు మూలం అదే కదా అన్నారు. అన్నకు తమ్ముడి పోలికలు వచ్చాయా అని అడిగినట్టుంది!

ఎవరు ముందు అన్న పందెం నాకక్కర్లేదు. పెడితే, 1946లో హిరోషిమా కథనంతో అమెరికన్ వారపత్రిక ‘న్యూయార్కర్’ సంచిక మొత్తం నింపిన విలేకరి జాన్ హెర్సీ ఇద్దరికీ ముందుంటాడు. నా బాధ వేరు. వాల్ష్ పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చింది 2013లో. అంటే 56 ఏళ్లు ఆ సమీక్షకుల అలమారలో ఆ పుస్తకం లేదు.

ఈ ప్రక్రియ పేర్లతోనూ ఇదే తంటా. స్పానిష్‌లో క్రోనికా అంటారు, పోలండ్‌లో రిపోర్తాజ్, చైనాలో బావ్‌గావ్ వెన్‌ష్యుఎ. ‘లిటరరీ జర్నలిజం’ అని కొట్టి వెతికితే వీటిలో ఎన్ని కనిపిస్తాయి? ఇంగ్లీషు కాక మరో పరభాషలో ఇవి చదివినవాళ్లు ఒకసారి చేతులెత్తండి... సరే, దించండి.

చీటీ వచ్చింది, ముగించమని. రెండే అడుగుతాను. ఉటంకింపు ఇచ్చినప్పుడు మూలభాష వాక్యం పక్కనే పెట్టండి. అనువాదాన్ని పరిశోధనగా లెక్కకట్టమని మీ కమిటీల్లో గట్టిగా అడగండి.

వాల్ష్ సంగతి ఒక్కటి మిగిలింది. 1977 మార్చి 24న సైనిక పాలకులకు బహిరంగ లేఖ రాశాడు. మర్నాడే వీధిలో కాల్చేశారు. దేహం ఇప్పటికీ దొరకలేదు.

వ్యాసమా? సవరించి తిరిగి పంపాను. కపోటీని పాదసూచికలో కూర్చోబెట్టాను.