పది నిమిషాల వంతు

(హన్మకొండలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మాది పాకాల చెరువు కింది ఊరు. నా చిన్నప్పుడు మా ఊళ్లో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఎంతసేపు పారించాలో ఆయన నోటి లెక్కే. చివరి ఆయకట్టు రైతులు ఆయనతో పేచీ పెట్టుకోని రోజు నాకు గుర్తులేదు. పెద్దయ్యాక నేను చేసిన ఉద్యోగమూ అదే. ఏ ఉపగ్రహానికి యాంటెన్నా ఎప్పుడు ఇవ్వాలో లెక్కగట్టడం. తూముకు బదులు యాంటెన్నా, మడికి బదులు ఉపగ్రహం, అంతే తేడా.

కానీ నీళ్లు చెరువులో ఆగుతాయి, ఉపగ్రహం ఆగదు. 600 కిలోమీటర్ల ఎత్తున తిరిగేది సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పోతుంది. సరిగ్గా తల మీదుగా వెళ్లినా నేల మీద యాంటెన్నా ఉన్న ఒక స్టేషన్‌కు చిక్కేది పది, పన్నెండు నిమిషాలే. దాన్ని పాస్ అంటాం. బ్యాటరీ ఎలా ఉందో చూడటం, ఆదేశాలు పంపడం, తీసిన చిత్రాలు దించుకోవడం అంతా అందులోనే జరగాలి. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం మన దగ్గర రోజుకు నాలుగైదు సార్లే కనిపిస్తుంది. అందులోనూ ఒకటి రెండు చెట్ల అంచున జారిపోయే రకం. నార్వేలోని స్వాల్బార్డ్ 78 డిగ్రీల ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ దాదాపు ప్రతి చుట్టూ అందుతుంది. మనవాళ్లు అంటార్కిటికాలో భారతి కేంద్రం దగ్గర యాంటెన్నా పెట్టిందీ ఇందుకే.

ఇంకో తంటా ఉంది. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాల్లో చాలావాటిని స్థానిక కాలం ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటిపోయేలా పంపిస్తారు, వెలుతురు రోజూ ఒకేలా ఉండాలని. మరి ఉపగ్రహ చిత్రాలు దించుకునే షాద్‌నగర్ లాంటి స్టేషన్‌కు ఆ గంటలో ఏమవుతుంది? కాజీపేటకు నాలుగు రైళ్లు ఒకేసారి వచ్చినట్టే. రైలునైతే ఔటర్‌లో నిలబెట్టవచ్చు.

ఒకే యాంటెన్నా ఉండి, ఎక్కువ పాస్‌లు పట్టుకోవడమే లక్ష్యమైతే లెక్క సులువు. ముందుగా ముగిసే పాస్‌ను ముందు తీసుకుంటూ పోండి, అంతకంటే ఎక్కువ ఎవరూ పట్టలేరు. మీ సిలబస్‌లో ఉన్న గ్రీడీ పద్ధతే ఇది. స్టేషన్లు పెరిగి, ఒక్కో పనిని నాలుగు చోట్ల చేసే వీలుంటే మాత్రం అది ఎన్‌పీ-కంప్లీట్ సమస్య అవుతుంది, అంటే కచ్చితమైన జవాబును ఎప్పుడూ వేగంగా తెచ్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ తెలియదు. దాని మీద పేపర్లకు కొదవలేదు, మీరే చదువుకోండి. పేపర్లలో అంతగా కనిపించనివి చెబుతాను.

మా షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ మొదటి వెర్షన్‌లో ఒక పాస్ 10:42కు ముగిసి, ఇంకోటి 10:43కు మొదలయ్యేది. స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంది. కానీ డిష్ ఉత్తరం నుంచి దక్షిణానికి తిరగాలి, రిసీవర్ సెట్టింగులు మార్చాలి. రెండో ఉపగ్రహం దగ్గర మూడు నిమిషాలు పోగొట్టుకున్నాం. ఆపరేటర్ ఫోన్ చేసి, "సార్, అది డిష్, బల్బు కాదు" అన్నాడు. ఆ మాట తర్వాతే మధ్యలో తయారీ సమయం చేర్చాం. నడినెత్తి మీదుగా వచ్చే పాస్ అన్నిటికంటే మంచిదనుకున్నదీ మేమే. మామూలు డిష్‌కు అదే గండం. ఉపగ్రహం నెత్తి దాటే ఆ కొద్ది క్షణాల్లో అది సగం చుట్టు గిర్రున తిరగాలి, తిరగలేకపోతే సిగ్నల్ తెగుతుంది.

ఇక అసలు పేచీ ప్రాధాన్యం దగ్గర. పాస్ అడిగేవాళ్లు నింపే ఫారంలో ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు ఇచ్చాం, ఒకటి అంటే అన్నిటికంటే ముఖ్యం. వారం తిరక్కముందే అందరూ ఒకటో అంకే రాశారు! ఒకప్పుడు అమెరికా వైమానిక దళం నడిపిన, ఇప్పుడు అక్కడి స్పేస్ ఫోర్స్ చేతిలో ఉన్న ఉపగ్రహాల నెట్‌వర్క్‌లో రోజుకు వందల అభ్యర్థనలు వస్తాయి. అక్కడ ఒకే సమయం కోరి ఢీకొన్న అభ్యర్థనలను కంప్యూటర్ కొట్టేయదు, మనుషులు మాట్లాడి సర్దుతారు. గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెర్రాల్లో దూరపు అంతరిక్ష నౌకలతో మాట్లాడే నాసా పెద్ద డిష్‌ల దగ్గరా మిషన్ల వాళ్లు బేరమాడుకునే సమయం పంచుకుంటారు. నన్నడిగితే సాఫ్ట్‌వేర్ పని తీర్పు చెప్పడం కాదు. ఎవరు పది నిమిషాలు జరిగితే ఎవరికి దారి దొరుకుతుందో చూపిస్తే చాలు.

2023 జూలైలో మోరంచపల్లి మునిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజు మామూలు కెమెరాకు మబ్బులే కనిపిస్తాయి. మబ్బుల గుండా చూడగల, 2022లో ప్రయోగించిన ఈఓఎస్-04 లాంటి రాడార్ ఉపగ్రహం కావాలి. దానికి చోటివ్వాలంటే అప్పటికే ఖాయమైన షెడ్యూల్‌ను విప్పాలి. కొత్తవాళ్లు ఇక్కడే మొత్తం మళ్లీ లెక్కగట్టి, ఇంకా మంచి షెడ్యూల్ తెస్తారు. ఆ మంచితనం ఎవరికీ పనికిరాదు. ఫలానా సమయానికి ట్రాన్స్‌మిటర్ ఆన్ చెయ్యి అనే ఆదేశం ఉపగ్రహాలకు ముందే ఎక్కించి ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇంకో పాస్ కావాలి, ఆ పాస్ కోసమే కదా కొట్లాట! అందుకే కొత్తదాన్ని ఇరికించేటప్పుడు పాతవి ఎంత తక్కువ కదిలితే అంత మేలు.

ఇక నేను మాట్లాడింది చాలు. బోర్డు మీద రెండు యాంటెన్నాలు, ఏడు పాస్‌లు గీస్తున్నాను. ఐదు సులువుగా పడతాయి. మిగతా రెండింటిలో ఒకటి వరద చిత్రాలది, ఇంకోటి బ్యాటరీ పడిపోతున్న ఉపగ్రహానిది. రెండూ 10:31కే. వెనక వరుస నుంచి మొదలుపెడదాం. చెప్పమ్మా, ఎవరిని వదిలేస్తావు?