తప్పు పెట్రోల్‌దా, బండిదా? కొత్తగా కొన్న పాత అంబాసిడర్‌పై స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చినప్పటి నుంచి పాత బండ్లవాళ్లకు ఒకటే టెన్షన్. ముచ్చటపడి పాత కారు కొనుక్కుని, వారం తిరగకముందే షెడ్డు చుట్టూ తిరుగుతున్నారు. ఈరోజు కారు యజమాని, మెకానిక్, లెక్చరర్, ముగ్గురి మాటా సమానంగా విందాం. సార్, మీరు హనుమకొండలో టీచర్. ఏం కొన్నారు, ఏమైంది?

యజమాని: 1978 మార్క్ 3 అంబాసిడర్ మేడం. నర్సంపేట వైపు ఒక ఊళ్లో చాలా ఏళ్లుగా కొట్టంలోనే ఉంది. బ్యాటరీ మార్చాం, ట్యాంకు నింపాం, స్టార్ట్ అయింది. వరంగల్ చేరేలోపు రెండుసార్లు ఆగింది.

యాంకర్: అంటే ఈ కొత్త పెట్రోల్ పోయగానే ఆగింది!

మెకానిక్: ఆగండి మేడం, పెట్రోల్ మీదికి పోవద్దు. సార్, ట్యాంకు కడిగించారా?

యజమాని: లేదన్నా. పైన నింపామంతే.

మెకానిక్: అదీ సంగతి. ఏళ్ల తరబడి నిలబడ్డ ట్యాంకులో అడుగున తుప్పు ఉంటది, పాత పెట్రోల్ జిగురై పట్టుకుని ఉంటది. కొత్తది పోస్తే అదంతా కదిలి ఫిల్టర్‌లోకి, జెట్ అనే సన్న రంధ్రంలోకి వస్తది. ఆగక ఏమైతది?

లెక్చరర్: ఇథనాల్‌కు ఆ జిగురును కరిగించే గుణం ఎక్కువ. నీటిని కూడా పీల్చుకుంటుంది. కాబట్టి మేడం అన్నదాంట్లో కొంత...

యాంకర్: చూశారా, పెట్రోలే!

లెక్చరర్: కొంత అన్నాను మేడం. ఇంధన పంపులోని డయాఫ్రం అనే పొర, రబ్బరు పైపులు ఆ కాలం నాటివైతే ఉబ్బుతాయి, పగులుతాయి. వాటిని ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చుకోవాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఇంధనం, గాలి మిశ్రమం పలచబడుతుంది, వాటిని కలిపే కార్బొరేటర్ మళ్లీ సెట్ చేయాలి. అయితే అది చివరి పని. ముందు ఇంజిన్ వాల్వులను తెరిచే టాపెట్లు...

మెకానిక్: సార్, సార్, ఒక్క నిమిషం. బండి ఆగితే పక్కకు తోసుకుంటాం. ఆగాల్సిన చోట ఆగకపోతే? నేను షెడ్డులో రోజూ ఇదే మొత్తుకుంటున్న. కొనగానే ఇంజిన్ బానెట్ ఎత్తుతారు, చక్రం విప్పరు. ఇది నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులున్న బండి. డ్రమ్ తీసి, బ్రేకును తోసే వీల్ సిలిండర్ మీది రబ్బరు టోపీని స్క్రూడ్రైవర్‌తో కొంచెం పక్కకు జరిపి చూడాలి. లోపల తడి కనబడిందా, సీలు పోయినట్టే. బ్రేక్ ఆయిల్ కూడా నీళ్లు గుంజుకుంటది, లోపల తుప్పు పడతది. రెండేళ్లకోసారి మార్చాల్సిన ఆయిల్ ఇందులో ఎన్నేళ్లుందో ఎవరికి తెలుసు?

యజమాని: పెడల్ గట్టిగానే ఉందన్నా.

మెకానిక్: తొక్కి అట్లనే పట్టుకున్నారా? ఒక నిమిషం పట్టుకుంటే మెల్లమెల్లగా కిందికి దిగుతుందా?

యజమాని: అంతసేపు... చూడలేదు.

మెకానిక్: మరి ఇంటిదాకా ఎట్ల నడిపిండ్రు సార్!

యాంకర్: బ్రేకుల దగ్గరికి వద్దాం. కానీ మా ప్రేక్షకులు అడుగుతున్నది పెట్రోల్ గురించే. మైలేజీ తగ్గుతుందా, లేదా?

లెక్చరర్: తగ్గుతుంది. ఇథనాల్‌లో శక్తి తక్కువ. పాత డిజైన్ కార్లకు 6, 7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. కానీ పాయింట్ గ్యాప్, అంటే స్పార్క్ కోసం కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్చు మధ్య సందు, తప్పితే అంతకంటే ఎక్కువే పోతుంది. ఈ 1489 సీసీ ఇంజిన్‌కు పాయింట్ గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్ గ్యాప్ 0.6. సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టేముందు ఇంజిన్‌ను చేత్తో తిప్పి, పాయింట్ మడమ దాన్ని తెరిచే క్యామ్ అంచు మీదికి సరిగ్గా ఎక్కిందో లేదో చూడాలి. గ్యాప్ మారితే టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం కూడా మారుతుంది. అందుకే గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత...

యజమాని: సార్, పాయింట్ తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోమంటున్నారు.

లెక్చరర్: పెట్టొచ్చు, కానీ...

మెకానిక్: వద్దు! పాయింట్ పోతే రోడ్డు పక్కన గరుకు కాగితంతో రుద్దుకుని ఇంటికొస్తారు. ఆ డబ్బా పోతే ట్రక్కు మీద రావాలి.

లెక్చరర్: అది అందరికీ వర్తించదు. రోజూ నడిపేవాళ్లకు...

యాంకర్: అసలు ఒరిజినల్ మారిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్ పోతుందా?

లెక్చరర్: 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండాలి. ఈ బండికి 2028 దాకా ఆ ప్రశ్నే లేదు. అదొచ్చాక మామూలుగా రోజూ తిప్పడానికి వీల్లేదు కూడా.

యజమాని: నాకు రోజూ బడికి పోవాలనే ఉంది సార్.

మెకానిక్: పోండి, ఎవరు వద్దన్నరు? నిలబెడితేనే చెడిపోతది. టైర్ల పక్కన నాలుగంకెలుంటయి, చూశారా? 2314 అంటే 2014లో 23వ వారం. గీతలు ఎంత లోతున్నా సరే, అంత పాత టైరు మన వరంగల్ ఎండలో హైవే ఎక్కొద్దు. రేడియేటర్ గొట్టాలు చేత్తో నొక్కి చూడండి, పెళుసుగా ఉంటే మార్చండి. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరిగే కింగ్‌పిన్‌లకు గ్రీజు కొట్టించండి. ఇవన్నీ అయ్యాకే...

లెక్చరర్: ట్యూనింగ్ వరుస నేను ఇంకా పూర్తి చేయలేదు. టాపెట్ సెట్టింగ్, అంటే అక్కడి సందు...

యాంకర్: క్లుప్తంగా సార్.

లెక్చరర్: ఇంజిన్ వేడి మీద 0.38 మిల్లీమీటర్లు. అది చూడకుండా కార్బొరేటర్ స్క్రూ తిప్పితే...

మెకానిక్: బ్రేకుల తర్వాత! టాపెట్ మోత చేస్తే చెవికి వినబడతది, బ్రేకు వీల్ సిలిండర్ కారితే వినబడదు.

యాంకర్: సరే, బ్రేకులు ముందు అని అన్న గట్టిగానే చెప్పారు. కానీ ఇథనాల్ లేని పెట్రోల్ బంకులో దొరికితే ఈ సమస్య వచ్చేదా?

మెకానిక్: ట్యాంకు కడగకపోతే ఏ పెట్రోల్ పోసినా వచ్చేదే మేడం.

లెక్చరర్: పూర్తిగా అలా అనలేం. రబ్బరు భాగాల విషయంలో...

యాంకర్: సమయం దాటిపోయింది. పెట్రోల్ మీద ప్రభుత్వం సమాధానం చెప్పాల్సిందేనని మా అభిప్రాయం. సార్, మీరు ఎవరి మాట వింటున్నారు?

యజమాని: రేపు ట్యాంకు దింపిస్తాను. బ్రేకులు కూడా.

మెకానిక్: 'కూడా' కాదు సార్, బ్రేకులు ముందు! నడుపుకుంటూ రావద్దు, కాశీబుగ్గ షెడ్డుకు ట్రక్కు మీద పంపండి.

లెక్చరర్: పాయింట్ దగ్గరి కండెన్సర్ కూడా ఒకసారి...

యాంకర్: వచ్చే వారం అడుగుదాం సార్.