గుండిగ ఎక్కించే ముందు

హోటల్ యజమానులకు, మాస్టర్లకు, సప్లయర్లకు నమస్కారం. పదకొండు దాటితే మీరెవరూ ఇక్కడ కూర్చోలేరు. అందుకే నేరుగా అన్నం దగ్గరికి వస్తాను.

కూర పారబోయాలంటే చెయ్యి రాదు. అన్నం పారబోస్తే మాత్రం ఎవరికీ పట్టదు. ఆకుకు గుప్పెడు, 80 గ్రాములు వదిలేశారనుకోండి. 300 ఆకులకు 24 కిలోల అన్నం. కిలో బియ్యానికి మూడు కిలోల అన్నం లెక్కన చూసినా రోజుకు 8 కిలోల బియ్యం!

ముందు ఒక కాటా, మూడు బకెట్లు పెట్టండి. కూరగాయల తొక్కలకు ఒకటి, వంటింట్లో మిగిలినదానికి ఒకటి, ఎంగిలాకుల్లో వచ్చినదానికి ఒకటి. ఆకులు తీసేసి, చారూ మజ్జిగా వార్చేశాకే తూచాలి. లేకపోతే నీళ్ల బరువును అన్నం ఖాతాలో రాసినట్టవుతుంది. ముహూర్తాల రోజుల లెక్క విడిగా ఉంచండి. ఊరు ఊరంతా పెళ్లి భోజనాలకు వెళ్లిన రోజు కూడా రోజూ పోసే బియ్యమే పోస్తే మిగలక ఏమవుతుంది?

రెండో బకెట్టు బరువెక్కిందంటే, తప్పు మధ్యాహ్నం ఒకటిన్నరకు జరిగింది. మాస్టర్లు నొచ్చుకోవద్దు. అన్నం అయిపోతుందన్న భయంతో ఆ వేళ మళ్లీ పెద్ద గుండిగే ఎక్కిస్తారు. చిన్న తపేలా ఎక్కిద్దామంటే ఎసరు సిద్ధంగా ఉండదు. రోజుకు 40 కిలోలు వండేచోట మొదట 20, పన్నెండున్నరకు 12, మిగతా 8 రెండేసి కిలోల చొప్పున వండండి. పక్క పొయ్యి మీద ఎసరు మరుగుతూ ఉండాలి, బియ్యం అరగంట ముందే కడిగి నానబెట్టాలి. ఇరవై నిమిషాల్లో అన్నం దిగుతుంది. నానిన బియ్యం మిగిలినా సాయంత్రం అట్ల పిండిలోకి పనికొస్తుంది. మిగిలిన అన్నానికి ఆ దారి లేదు.

మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారిని తలుచుకోని సభ ఉండదు. వేళగాని వేళ వచ్చినవాళ్లకూ వండి పెట్టిన తల్లి అంటాం. ఆ ‘వండి’ అన్న మాట పట్టుకోండి. మనిషి వచ్చాక పొయ్యి వెలిగించడం మర్యాదకు లోటు కాదు.

వెనక నిలబడ్డ సప్లయర్లు ఇలా ముందుకు రండి. మూడో బకెట్టు మీ చేతిలో ఉంది. ఈ గరిటె చూడండి. అంచుకు సమంగా తీస్తే 150 గ్రాములు, గోపురంలా తీస్తే 250. మొదట సమంగా ఒక్క గరిటె వేయండి. తర్వాత అడక్కుండానే రెండుసార్లు వరస తిరగండి. మారు రాదేమోనన్న అనుమానంతోనే మనిషి ముందే ఎక్కువ వేయించుకుంటాడు. గరిటె తగ్గించి తిరగడం మానేస్తే అది పిసినారితనం, నేను చెప్పేది అది కాదు.

ఇంత చేసినా మిగిలితే ఆశ్రమాలకు పంపుతారు, మంచిదే. కానీ వడ్డనకు వెళ్లినది పంపొద్దు. మూతపెట్టిన గుండిగలో అన్నం సాయంత్రం దాకా నడుమ గోరువెచ్చగానే ఉంటుంది. ఉడికినా చావని బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి అక్కడ పెరిగి విషం చేస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. 60 డిగ్రీలకు తగ్గని వేడితోనే చేర్చండి. లేదా రెండంగుళాల మందాన పళ్లాల్లో పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర పెట్టండి. డబ్బా మీద ఏం వండారో, ఎన్నింటికి దించారో రాసి అంటించండి. దించిన టైము తెలియని డబ్బా గుమ్మం దాటకూడదు.