పంటి డాక్టరంటే భయమా? గాలిగోపురం దగ్గరే తిరుక్కోండి

"రూట్ కెనాలా? చచ్చిపోతావ్ మచ్చా!"

తిరుపతి హాస్టళ్లలో ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. రూట్ కెనాల్ అంటే పన్ను లోపల పాడైన నరం తీసేసి శుభ్రం చేసే వైద్యం, అంతే. చెప్పేవాడు చేయించుకుని ఉండడు. వాళ్ల మామకు చేశారంట, ఆయన కేకలు వీధి చివరికి వినిపించాయంట.

ఇట్లాంటి కథలు విని మా రూమ్మేట్ మూడు నెలలు కుడి పక్క నమలడం మానేశాడు. మెస్‌లో అప్పడం కూడా ఎడమ పక్కే. దిండు కింద లవంగాల పొట్లం. నన్నారి షర్బత్ తాగాలంటే తల ఓ పక్కకు వంచేవాడు, ఆ పన్నుకు చల్లదనం తగలకుండా.

సరే, పుచ్చు పన్నులోకి ఎట్లా పోతుంది? మన తిరుమల మెట్ల దారే అనుకోండి. పైపొర ఎనామిల్, అది అలిపిరి. అందులో నరాలే లేవు, అందుకే పుచ్చు మొదలైనా తెలీదు. దాని కింది పొర డెంటిన్, అది గాలిగోపురం. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది. అక్కడే తిరుక్కుంటే మామూలుగా ఫిల్లింగ్‌తో పోతుంది. లోపల నరం ఉండే పల్ప్, అది మోకాళ్ల పర్వతం. ఇక రాత్రి నిద్రుండదు. మనోళ్లు సరిగ్గా అక్కడికి చేరాకే డాక్టర్ని వెతుక్కుంటారు. మోకాళ్ల పర్వతం దగ్గర పడ్డ బాధను అలిపిరి నుంచే ఉందని ఊరంతా చెబుతారు!

ఇప్పుడు అసలు సంగతి. పన్ను చుట్టూ మొద్దుబార్చే లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ నరంలో సోడియం దారులు మూసేస్తుంది, నొప్పి కబురు మెదడుకు చేరదు. నొక్కుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. కానీ చీము పట్టిన చోట ఆమ్లం ఎక్కువ, మందు నరంలోకి సరిగ్గా దూరదు. అంటే ఆ మామ కేకలు నిజమే కావచ్చు! భయపడి ఆలస్యం చేశాడు, ఆలస్యం వల్ల నొప్పెట్టింది, ఆ నొప్పి మీ హాస్టల్‌కు కథగా వచ్చింది. అట్లాంటప్పుడు వాపుకు దూరంగా నరం మొదట్లో ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది, అడగండి.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. ఈ భయాన్ని కొలవడానికి 1969లో కోరా అనే పరిశోధకుడు 4 ప్రశ్నలు రాశాడు. 1995లో ఇంజెక్షన్ ప్రశ్న కలిపి 5 చేశారు. ఒక్కోదానికి 5 మార్కులు, మొత్తం 25కి 19 వచ్చినా, దాటినా భయం తీవ్రమని లెక్క. అందులో రెండు ప్రశ్నలు కుర్చీ ఎక్కకముందువే: రేపు వెళ్లాలంటే ఎట్లా ఉంటుంది, బయట కూర్చుంటే ఎట్లా ఉంటుంది అని. కాబట్టి భయమని డాక్టరుకు ముందే చెప్పేయండి. చెయ్యెత్తితే ఆపమనండి. ఖాళీ కడుపుతో పోవద్దు.

మావాడు పోయొచ్చాడు. పెదవి మొద్దుబారి నన్నారంతా చొక్కా మీద పోసుకున్నాడు. నొప్పెట్టిందా అంటే, "చొక్కా కొత్తది మచ్చా" అన్నాడు.